కిటికీల గాజు

మా షాపు నుంచి ఏ వస్తువూ ఒట్టిగా గడప దాటకూడదు. అది నాన్న పెట్టిన పద్ధతో, బాబాయ్ పెట్టిన పద్ధతో వాళ్ళిద్దరూ ఎప్పుడూ తేల్చలేదు. జత గాజులైనా, నలుసంత ముక్కుపుడకైనా కింద ఒక పొర దూది, చుట్టూ రోజా రంగు పలచని కాగితం, పైన దారంతో ఒక ముడి. బేరమాడి బేరమాడి మా ప్రాణాలు తోడేసి, చివరికి అన్నిటికంటే చవక దిద్దులు కొనుక్కున్న మనిషికి కూడా అదే మర్యాద. "నగన్నాక ఇంటికెళ్ళి విప్పుకునే ముచ్చట ఉండాలమ్మాయ్" అంటారు బాబాయ్. ఆ ముచ్చటే ఆ మధ్య మా పీకల మీదికి తెచ్చింది. ఇవాళ షాపు తెరిచి ఉందంటే అప్పుడు మమ్మల్ని వదిలెయ్యని మనుషుల పుణ్యమే.

బాబాయ్ అంటున్నాను గానీ ఆయనకీ మాకూ రక్తసంబంధం లేదు. మా తాత ఘంటసాల దగ్గర పల్లెలో కూలికి వెళ్ళేవారు. పొలం పని తన వల్ల కాదని నాన్న బందరు వచ్చి, గిల్టు నగలకు పూత వేసే పనిలో చేరారు. పక్క బల్ల మీద అదే పని నేర్చుకుంటున్న సాయిబుల అబ్బాయే బాబాయ్. ఇద్దరికీ జత కుదిరింది. కొన్నాళ్ళకి చిలకలపూడిలో రేకుల షెడ్డు తీసుకుని సొంతంగా ప్లేటింగు షాపు పెట్టారు. పొద్దున్నే ట్యాంకుకి కరెంటు ఇచ్చే ముందు నాన్న తల వంచి ప్రార్థన చేసుకునేవారు, బాబాయ్ బిస్మిల్లా అనేవారు, ఆ తర్వాతే స్విచ్చి.

నాన్న పోయాక నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం మానేసి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాను. ప్రార్థన నాదైంది, బిస్మిల్లా ఆయనదే. ఆ మొదటి ఏడాది తల్చుకుంటే ఇప్పటికీ నాకు భయమే. నాన్న మొహం చూసి పని ఇచ్చే దుకాణాల వాళ్ళు మెల్లగా జారుకున్నారు. బాబాయ్ పొద్దుట ట్యాంకు దగ్గర పని చూసుకుని, మధ్యాహ్నం బస్సెక్కి గుడివాడ దుకాణాలన్నీ తిరిగి, బతిమాలి, పని పట్టుకొచ్చేవారు. రంజాన్ నెలలో ఉపవాసంతో కూడా తిరిగారు. అప్పుడు నేనేమీ అనలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. షాపులో పనిచేసే ఆడవాళ్ళు నేను చెప్పులు విడిచే చప్పుడుని బట్టి ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పేస్తారు. అవనిగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడ ఉంది, దివిసీమ మనిషి, ఆమె నోటికి భయపడేది నేనొక్కదాన్నే కాదు, కండక్టరు కూడా. "ఇవాళ చెప్పులు గోడకి కొట్టుకున్నాయర్రా, ఎవరూ నోరెత్తకండి" అని నాకు వినబడేలాగే అంటుంది.

రెండు మూడేళ్ళుగా బేరాలు బొత్తిగా పడిపోయాయి. మెషీన్ మీద గుద్దేసిన చవక నగలు బయటి ఊళ్ళనుంచి వచ్చి పడ్డాయి. పాత గాజులకు మళ్ళీ పూత వేయించుకునే ఓపిక ఎవరికుంది. క్రిస్మస్ దాకా చూసి, ఇలాగే ఉంటే తాళం వేసేద్దామని నేనూ బాబాయ్ అనుకున్నాం. తాళం వేస్తే నాకు ఏదో ఒక కాలేజీ దొరుకుతుంది. ఆడవాళ్ళు రొయ్యల కంపెనీల్లో చేరతారు. బాబాయ్‌కి మాత్రం ఈ ట్యాంకు తప్ప వేరే లోకం లేదు. కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోవాలి. "అక్కడ నాకేం పనుంటుందమ్మాయ్, బాల్కనీలో కూర్చుని వచ్చేపోయే కార్లు చూడ్డమేగా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ రోజుల్లోనే గుడివాడ నుంచి ఒకమ్మాయి వాళ్ళమ్మ పాత గాజులు పట్టుకుని వచ్చింది. పని అయ్యేదాకా కూర్చోమంటే కూర్చోదు, ట్యాంకు దగ్గర నిలబడి ఒకటే ప్రశ్నలు. "ఉక్కు మీద వెండి వేస్తారా ఆంటీ" అంది. ఆంటీ అంటే నాకు ఒళ్ళు మంట. "వేస్తాం. ఇత్తడి మీద వేస్తాం, రాగి మీద వేస్తాం, నువ్వు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే నీ మీద కూడా వేస్తాం" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వి సంచిలోంచి ఒక ఉక్కు రింగు తీసి బల్ల మీద పెట్టింది.

చూడ్డానికి పెద్ద గాజులాగే ఉంది. చుట్టూరా వరసగా చిన్న చిన్న కంతలు. దూరంగా వేరే రాష్ట్రంలో విమానాల ఇంజన్లకీ పెద్ద పెద్ద మిషన్లకీ బేరింగులు తయారుచేసే కంపెనీలో ఈ పిల్ల ఇంజనీరట. బేరింగులో తిరిగే బంతులు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఒక్కో కంతలో ఒక్కో బంతిని పట్టి ఉంచే రింగు ఇది. దాన్ని వాళ్ళు కేజ్ అంటారు. అవనిగడ్డావిడ చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసి, "కిటికీల గాజు" అంది. ఆ క్షణం నుంచి మా షాపులో దాని పేరు అదే.

"దీనికి వెండెందుకమ్మా? లోపల ఎవరు చూస్తారు?" అన్నారు బాబాయ్. ఆయన జీవితమంతా చూడ్డానికి వేసిన పూతే.

ఆ పిల్ల స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మా నాన్నకి బంటుమిల్లి అవతల రొయ్యల చెరువులండీ. నీళ్ళలో చక్రాలు తిప్పి గాలి కలిపే ఏరియేటర్లుంటాయి కదా, ఉప్పునీళ్ళు తగిలి వాటి బేరింగు ఉన్నట్టుండి పట్టేసేది. చక్రం ఆగితే గాలుండదు, తెల్లారేసరికి చెరువంతా పోయేది. చిన్నప్పుడు ఇంట్లో అన్నాలు మానేసిన రోజులు నాకు గుర్తే. అందుకేనండీ నేను బేరింగుల్లో పడ్డాను."

"అయ్యో" అన్నారు బాబాయ్.

"ఆకాశంలో ఇంజను కూడా అంతేనండీ. నూనె సరిగా అందుతున్నంతసేపు వెండికి పనేం లేదు. ఎప్పుడైనా నూనె ఆగిపోయిందనుకోండి, బంతులు ఉక్కుని రాసుకుని వేడెక్కి పట్టేస్తాయి. కాసేపు, విమానం కిందికి దిగేంతసేపు, ఆ నూనె చేసే పని వెండి చేస్తుంది."

కొత్త రకం కేజ్‌కి పరీక్షలు పెడుతున్నారట. పరీక్షలకు కావలసింది చిన్న లాటు, అంటే విడతకి కొన్ని రింగులే, అంత చిన్న పని పెద్ద ప్లేటింగు కంపెనీలు ముట్టుకోవు. మీరు శాంపిల్ చేసిస్తే మా వాళ్ళకి చూపిస్తాను, నచ్చితే ఇలాంటి చిన్న లాట్లన్నీ మీకే వస్తాయి అంది. ఆ పిల్ల వెళ్ళాక బాబాయ్ రింగుని వేళ్ళతో తిప్పి తిప్పి చూశారు. "పాసైతే తాళం అక్కర్లేదన్నమాట" అన్నారు. అంతే, ఇంక మా అందరికీ అదే ధ్యాస.

కంపెనీ నుంచి పూత లేని రింగులు కొన్ని వచ్చాయి. ఉక్కు మీద వెండి మాకు కొత్త కాదు గానీ ఇంత పట్టింపుతో ఎప్పుడూ చెయ్యలేదు. జిడ్డు వదలగొట్టడం, యాసిడ్‌లో ముంచడం, ముందు పలచగా రాగి, దాని మీద వెండి, పూత ఎంత మందం ఉందో కొలవడం, ఓవెన్‌లో పెట్టి ఎక్కడా పొంగలేదని చూడడం. లెక్క నాది, చెయ్యి ఆయనది. మంచి పని అయింది. బాబాయ్ ఒక్కొక్కదాన్నీ దూది పరిచి, రోజా కాగితంలో చుట్టి, ముడి వేశారు. పెళ్ళికూతురి నగలకి కూడా అంత శ్రద్ధగా చుట్టగా నేను చూడలేదు. పార్సిల్ వెళ్ళింది.

కొన్నాళ్ళకి ఫోన్. "మచ్చలున్నాయి ఆంటీ" అంది ఇంజనీరు పిల్ల. ఫోటోలు పంపింది. తెల్లటి వెండి మీద నల్లటి సన్న గీతలు. పైవాళ్ళు వద్దనేశారట, ఈ పిల్ల బతిమాలి ఇంకొక్క అవకాశం తీసుకుని, మళ్ళీ కొన్ని ఒట్టి రింగులు పంపించింది. "సెలవు మీద గుడివాడ వస్తున్నాను, ఈసారి నేనే పట్టుకెళ్తాను. ఇది కూడా పోతే మా వాళ్ళు ఇంక వినరండీ" అంది.

ఇంక చూడాలి మా తంటాలు. నేను ట్యాంకులో ద్రావణం మొత్తం మార్చేశాను. బందరు నీళ్ళ ఉప్పే కారణమని కడగడానికి కూడా ఫిల్టరు నీళ్ళ క్యాన్లు తెప్పించాను. యాసిడ్ అమ్మినవాడికి ఫోన్ చేసి దులిపేశాను. పాపం అతను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసేసరికే నేను పెట్టేశాను. బాబాయ్ తన చేతుల్నే అనుమానించుకుని, పనికి ముందు వేళ్ళు ఎర్రబడేదాకా కుంకుడురసంతో రుద్దుకునేవారు. రెండో లాటు తయారైంది. మా కంటికి మచ్చన్నది లేదు. బాబాయ్ అన్నిటినీ చుట్టి బీరువాలో పెట్టారు. ఒక్కటి మాత్రం నేను బల్ల మీద ఉంచేసుకున్నాను, కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి బాగుందని. బయట ఒకటే ముసురు, గోడలు చెమ్మ కారుతున్నాయి.

ముసురు వెలిసిన రోజు ఆ పిల్ల గుడివాడ నుంచి రైల్లో వచ్చింది. బాబాయ్ బీరువా తీసి పెళ్ళివారికి చీరలు చూపించినట్టు పొట్లాలన్నీ ఆమె ముందు పేర్చారు. మొదటిది విప్పింది. రెండోది విప్పింది. మళ్ళీ అవే గీతలు.

నాకు కోపం ఎవరి మీదో తెలియక బల్ల మీద చేత్తో కొట్టాను. బల్ల మీది రింగు దొర్లి కింద పడింది. ఇంజనీరు పిల్ల వంగి దాన్ని తీసి, వెలుతురుకి తిప్పి చూసింది. అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

"ఇది కూడా ఇదే లాటా ఆంటీ?"

"అదే లాటు. చుట్టలేదు, అంతే."

చుట్టలేదు అన్న మాట నా నోట్లోంచి వచ్చాక నాకు అర్థమైంది. విప్పిన కాగితాన్ని తీసి రింగు మీద మళ్ళీ అలాగే పెట్టి చూశాను. కాగితం మడత ఎక్కడుందో గీత అక్కడుంది. ముసురుకి దూది చెమ్మ పీల్చింది, ఆ చెమ్మకి కాగితంలో ఉన్న మందు ఏదో వెండిని పట్టింది. ఆ పిల్ల భూతద్దం తీసి కంతల మూలలు చూసింది. కంటికి ఆనని దూది నలుసులు. నగకైతే ఊదేస్తే పోతాయి. నిమిషానికి అన్ని వేలసార్లు తిరిగే బేరింగులో నలుసు ఉండకూడదు.

"చుట్టింది నేనే" అన్నారు బాబాయ్.

ఆ అమ్మాయి అప్పుడు అన్న మాట నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను. "మా అమ్మ గాజులు కూడా ఇలాగే చుట్టిచ్చారండీ. మా అమ్మ ఆ కాగితం ఇంకా పారెయ్యలేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "పూతలో లోపం లేదాంటీ. ప్యాకింగు ఒక్కటే. నా సెలవు ఇంకా ఉంది, మళ్ళీ చేద్దాం" అంది. రిజెక్టని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకుంటే ఆమెని అడిగేవాళ్ళెవరు? సెలవుల్లో అమ్మ దగ్గర హాయిగా పడుకోక రోజూ గుడివాడ నుంచి బందరు వచ్చి, మాతో పాటు నిలబడి పని చేయించింది. ఆ పిల్ల నోటివెంట ఆంటీ అన్న మాట అప్పటినుంచి నాకు తియ్యగానే వినబడుతోంది.

బాబాయ్ మాత్రం పొట్లాలు విప్పిన మర్నాడు షాపుకి వచ్చారు గానీ ట్యాంకు దగ్గరికి రాలేదు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు. పిలిస్తే, "నా చెయ్యి వద్దులే అమ్మాయ్. ఈసారి వేరే ఎవరి చేతనైనా చేయించు" అన్నారు.

నాకు చిర్రెత్తింది. "చెయ్యి కాదు బాబాయ్, కాగితం. కాగితం చేసిన దానికి చేతిని శిక్షిస్తారా? మీరు లేవకపోతే ఇప్పుడే తాళం వేసి చెవి మీ చేతికిస్తాను, బాల్కనీలో పెట్టుకుని చూసుకుందురుగాని" అన్నాను. షాపంతా వినబడింది. ఆయన నా వంక చూసి, నెమ్మదిగా లేచి, చొక్కా చేతులు మడిచారు. "మీ నాన్నకి ఇంత నోరుండేది కాదు" అన్నారు.

"ఉండేది. మీ దగ్గర వాడలేదు" అన్నాను.

పాత పూత తీసేసి మళ్ళీ వేశాం. ఈసారి చేతులకి తొడుగులు, దూది ఊసే లేదు. ఆరబెట్టిన రింగుని సన్నటి నూనెలో ముంచి, గాలి తియ్యగలిగినంత తీసి ప్లాస్టిక్ సంచిలో సీలు వెయ్యాలి. "కిటికీల గాజుకి తలంటండోయ్" అని అవనిగడ్డావిడ ఒక్కొక్కదాన్ని ముంచుతుంటే అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వారు గానీ, ఆ జిడ్డు సంచులు చూస్తే ఆయనకి మనసొప్పలేదు. "కూరగాయలు పంపినట్టుంది" అన్నారు. ఇంజనీరు పిల్ల వాటిని తన బట్టల మధ్య సర్దుకుని తీసుకెళ్ళింది.

ఇంక ఎదురుచూపులు. మచ్చలు లేవన్న కబురు త్వరగానే వచ్చింది, అసలు పరీక్ష ఇంకా ఉందంది. క్రిస్మస్ స్టార్లు దుకాణాలకి వేలాడే రోజులొచ్చాయి. ఎవరం తాళం మాట ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే ఎక్కువ భయంగా ఉండేది.

ఆ కబురు వచ్చినప్పుడు నేను గుడివాడలో ఉన్నాను, ఒక దుకాణానికి గాజులు ఇచ్చి స్టేషన్లో బందరు రైలు కోసం నిలబడి. "పాసయింది ఆంటీ. నూనె ఆపేసి తిప్పారు, మేం అనుకున్నదానికంటే ఎక్కువసేపు తిరిగింది. చిన్న లాట్లు మీకే ఇమ్మన్నారు" అంది. నేను ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా ఏడ్చేశాను. ఫోన్ పెట్టబోతూ, "పరీక్షలో తిప్పిన కేజ్ ఒకటి మీకు కొరియర్లో పంపానండీ. తాతగారికి చూపించండి" అంది. బాబాయ్‌ని ఆ పిల్ల తాతగారనే అంటుంది. వెంటనే షాపుకి ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఆ మాట చెప్పినప్పుడు బాబాయ్ మొహం చూడాలనిపించింది. రైలంతా ఆ మాటని కొంగున కట్టుకున్నట్టు కూర్చున్నాను.

షాపు గడప ఎక్కేసరికి ట్యాంకు ఆగిపోయి ఉంది. ఆడవాళ్ళు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నేను చెప్పులు విడిచినా అవనిగడ్డావిడ ఏమీ అనలేదు. బాబాయ్ ముందు బల్ల మీద విప్పిన కొరియర్ డబ్బా, ఆయన చేతిలో కిటికీల గాజు. వెండి మెరుపు పోయింది. కంత కంతకీ లోపలి అంచుల్లో వెండి అరిగి, మసకబారి ఉంది.

"పోయిందమ్మాయ్" అన్నారు. "తిరగ్గొట్టేశారు. చూడు, మెరుగంతా ఎలా లేచిపోయిందో. నేనే స్విచ్చి తీసేశాను." ఆయన తప్పేం లేదు. ఆయన అనుభవంలో పూత అరిగి తిరిగొచ్చిన వస్తువంటే ఒకటే అర్థం, తలవంపులు.

"లేచిపోలేదు బాబాయ్, అరిగింది" అన్నాను. "నూనె ఆపేసి తిప్పారట. బంతులు తగిలిన చోటల్లా వెండి తను అరిగింది గానీ ఉక్కుని ముట్టుకోనివ్వలేదట. పాసయింది. పని మనకే."

ఆయన నన్ను నమ్మలేదు. "ఇంత అరిగితే పాసా?"

"అరగడమే దాని పని."

బాబాయ్ బొటనవేలితో ఒక్కో కంతనీ తడుముతూ రింగంతా తిప్పారు. వెనకనుంచి అవనిగడ్డావిడ ముక్కు చీదడం వినిపించింది. "నేను వేసిన పూత అరిగిందని ఇన్నేళ్ళలో ఒక్కరూ మెచ్చుకోలేదు" అన్నారాయన చివరికి. కళ్ళు తుడుచుకుని నవ్వారు.

నాన్న పోయిన ఏడాది ఈ షాపు కూడా నూనె లేకుండానే తిరిగింది. ఆగిపోకుండా చూసి, మధ్యలో తను అరిగిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అప్పుడు అనలేకపోయిన మాట ఇప్పుడైనా అనాలనిపించింది. "నాన్న పోయినప్పుడు మీరు లేకపోతే నేను నిలబడేదాన్ని కాదు బాబాయ్. మీ రుణం నేను తీర్చలేను" అన్నాను.

"ఇప్పుడా మాటెందుకమ్మాయ్" అన్నారు గానీ, చేతిలో రింగు అలాగే పట్టుకుని నా వంక చూశారు. అర్థమైంది ఆయనకి. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది మళ్ళీ కంపెనీకి వెళ్ళాలా?" అని అడిగారు.

"అక్కర్లేదు. మీకే పంపింది."

"ఇంజన్లో పెట్టరుగా?"

"పెట్టరు."

"అయితే దీనికి కాగితం వెయ్యొచ్చు" అని, సొరుగు లాగి దూది తీశారు.